నల్లరాతి కొండ ఎందుకు జారుతుంది?

అంబాజీపేట చుట్టుపక్కల కొండన్నది లేదు. కొబ్బరి తోటలు, పంట బోదెలు, కౌశిక. ఎత్తు అంటే ఏటిగట్టే. అయినా కొండచరియల మీద ఈ వాదన కోనసీమవాళ్ల మధ్య సాగడం వింతేమీ కాదు. గోదావరి పుట్టిన త్ర్యంబకం కొండ, లావా చల్లారి గట్టిపడ్డ నల్లరాయి, అంటే బసాల్టు. నది పరీవాహకంలో దాదాపు సగం ఆ రాతి మీదే ఉంది. ఇక్కడి చేలల్లో కాలికి అంటుకునే బంకమన్నులో చాలా భాగం అక్కడ రాయి చివికి కొట్టుకొచ్చినదే. వాదిస్తున్న ఇద్దరిలో ఒకరు భూగర్భశాస్త్రం చెప్పి రిటైరైన మాస్టారు, రెండోవారు ఇరిగేషన్‌లో చేసిన ఇంజనీరు. అగ్నిపర్వత మట్టి ఉన్న ఏటవాలు తెగి ఊరి మీద పడితే ముందు చూడాల్సింది ఆ మట్టి గుణాన్నా, దాన్ని కదిలించిన చేతినా అన్నది వాళ్ల తగువు.

మాస్టారు: ముందు మాలిన్ సంగతి చూద్దామండి. 2014 జులై 30 పొద్దున పుణె జిల్లా అంబేగావ్ తాలూకాలోని ఆ గిరిజన గ్రామం మీద కొండచరియ కూలింది. 151 మంది చనిపోయారు. ఆ దారిన వెళ్లే బస్సు డ్రైవరు, ఊరు ఉండాల్సిన చోట బురద దిబ్బ చూసి కబురు చేస్తేగాని బయటికి తెలియలేదు. ఆ కొండ లోపల ఏముందో గమనించండి. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట లావా విడతలు విడతలుగా పారింది. ఒక్కో విడతలో మధ్యన గట్టి రాయి, పైన గాలి బుడగలు నిండిన మెత్తటి రాయి. రెండు విడతలకు మధ్య చాలాకాలం ఎడం వచ్చిన చోట ఎర్రమట్టి పొర. వాన నీరు గట్టిరాయి పగుళ్లలోంచి దిగి ఆ ఎర్రపొర దగ్గర ఆగుతుంది. ఇక పక్కకు నడుస్తుంది. సహ్యాద్రి ఘాట్ రోడ్డు కోసిన చోట వానాకాలంలో ఆగి చూస్తే కళ్లకు కనబడుతుంది: మూరెడో బారెడో మందాన ఎర్రటి చార, దాని పైఅంచు వెంబడి వరసగా సన్నటి ఊట. గోటితో గీకితే పెచ్చులుగా రాలుతుంది, తడిపి పిసికితే వేళ్ల మధ్య జారిపోతుంది. అలాంటి ఊటల మీద, చివికిన మట్టి వాలును ఆనుకుని ఉంటుంది. అది జారడానికి ఎవరూ వచ్చి ముట్టుకోనక్కర్లేదు.

ఇంజనీరు: మీరు చెప్పిన పొరలు మాలిన్ ఊరు పుట్టకముందూ ఉన్నాయి కదండీ, మాస్టారూ. వేల వానాకాలాలు చూసిన వాలు ఆ ఒక్క పొద్దునే ఎందుకు తెగింది? ఊరి పైన వాలును చదును చేసి మడులు కట్టారు. ఏటవాలు మీద పడ్డ వాన పరుగెత్తి వాగులో పడుతుంది. అదే మడి కడితే అక్కడే నిలబడి ఇంకుతుంది. చెట్టు కొట్టేస్తే కొన్నేళ్లకు వేరు కుళ్లి, దాని కన్నం నీటికి దారవుతుంది. ఆ చదునుకు యంత్రాలు వాడారా లేదా అన్నది వేరే తగువు. యంత్రమైనా పారైనా వాలు రూపం మారిందన్నది కాదనలేం. నీరు ఎక్కడ నిలవాలో అక్కడ నిర్ణయించింది మనిషి.

మాస్టారు: మరి ఇర్షాల్‌వాడికి ఏం చెబుతారు? రాయగఢ్ జిల్లా, ఖాలాపూర్ తాలూకా, 2023 జులై 19 రాత్రి. ఇర్షాల్‌గడ్ కోట కింద ఉన్న గిరిజన గూడెం. మూడు రోజుల్లో దాదాపు 500 మిల్లీమీటర్ల వాన పడింది. ఊరికి రోడ్డే లేదు. రోడ్డు లేకపోబట్టే సహాయానికి యంత్రాలు ఎక్కించలేక పలుగు పారలతో తవ్వారు. 27 మృతదేహాలు దొరికాయి, 57 మంది జాడ దొరకలేదు, నాలుగో రోజున వెతకడం ఆపేశారు. ప్రభుత్వం దగ్గరున్న ప్రమాదకర గ్రామాల జాబితాలో ఆ ఊరి పేరు లేదు. మనిషి కోత ఎక్కడుందో వెతికి తయారుచేసే ఏ జాబితాకూ ఇలాంటి ఊరు అందదు, ఇంజనీరు గారూ. కారణం కొండ పొట్టలో ఉంది.

ఇంజనీరు: ఇర్షాల్‌వాడి దగ్గర నా వాదన ఆగుతుంది, ఒప్పుకుంటాను. కానీ ఒక్క సందేహం తీర్చండి. అదే నల్లరాయి ఆదిలాబాద్‌లో ఉంది, వికారాబాద్ వైపు ఉంది. మన గోదావరికి ఒక ఒడ్డున కాతేరులో, ఇంకో ఒడ్డున పంగిడి, గౌరీపట్నం, దుద్దుకూరుల్లో ఉంది. మన జిల్లాల్లో ఎన్ని స్లాబుల్లో పడిన కంకర అదో! ఆ క్వారీల్లో నిలువునా కోసిన రాతి గోడలు నిలబడే ఉన్నాయి. అక్కడ ఊళ్లు ఊళ్లు పూడిపోయిన కథలు లేవు. ఎందుకంటే సహ్యాద్రి వాలూ లేదు, సహ్యాద్రి వానా లేదు. పోనీ లావాతో సంబంధం లేని చోటు చూడండి. 2024 జులై 30న, మాలిన్ జరిగి సరిగ్గా పదేళ్లకు, వయనాడ్‌లో ముండక్కై, చూరల్‌మల కొట్టుకుపోయాయి. అక్కడున్నది బసాల్టు కాదు. నెల తిరిగేసరికి ఆగస్టు 31న విజయవాడ మొగల్రాజపురంలో కొండరాళ్లు ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. అది తూర్పు కనుమల రాయి. లావా రాయి ఉన్నచోట జారకపోవడమూ ఉంది, లేనిచోట జారడమూ ఉంది. మరి మీ మట్టి గుణం చేసిందేమిటి?

ఈ ప్రశ్న గట్టిది. దీన్ని దాటకుండా మాస్టారి వాదన నిలవదు. ఆయన నేరుగానే ఎదుర్కొన్నారు.

మాస్టారు: జారాలంటే లావా మట్టే ఉండాలని నేననలేదండి. ఆ మట్టి నీటిని దాచే తీరు వేరంటున్నాను. ముసలి బసాల్టు సంగతి పక్కనపెట్టి పడుచు బూడిద మట్టిని చూడండి. జపాన్‌లో, ఇండోనేషియాలో, ఇటలీలో అగ్నిపర్వతం చిమ్మిన బూడిద కొండల మీద దుప్పటిలా పరుచుకుని ఉంటుంది. అది చివికితే అల్లోఫేన్, హాలోయిసైట్ అనే ఖనిజాలు పుడతాయి. ఘనపు సెంటీమీటరు మట్టి 0.9 గ్రాము కూడా తూగదు. అంత గుల్ల. చాలాచోట్ల అందులో ఉండే నీటి బరువు మట్టి బరువును మించుతుంది. అంబాజీపేటలో పీచు తీశాక మిగిలే కొబ్బరి పొట్టు చూశారుగా, పైకి పొడిపొడిగా ఉంటుంది, గుప్పిట్లో బిగిస్తే నీళ్లు కారతాయి. ఈ మట్టీ అంతే. ఒక ముద్ద తీసుకుని బొటనవేలితో అదమండి. ముందు గట్టిగానే ఎదురొత్తుతుంది. ఇంకాస్త నలిపితే ఉన్నట్టుండి తడి పైకి తేలి సబ్బులా జారుతుంది. నీరు కొత్తగా రాలేదు, లోపల ఉన్నదే బయటపడింది.

ఇప్పుడు హొక్కైడో. 2018 సెప్టెంబరు 6 తెల్లవారుజామున 6.6 తీవ్రతతో భూకంపం. అట్సుమా చుట్టుపక్కల అడవి కప్పిన కొండలు, మరీ నిటారు కూడా కాదు, వేలకొద్దీ చోట్ల ఒక్కసారిగా చర్మం ఒలిచినట్టు జారాయి. అట్సుమాలో 36 మంది చనిపోయారు. తరుమాయే అగ్నిపర్వతం వేల ఏళ్ల కిందట చిమ్మిన నురగరాయి పొర లోపల చివికి, తడిసి, మెత్తబడి ఉంది. జారింది ఆ పొర మీద. అడవిని ఎవరూ కొయ్యలేదు, రోడ్డు వెయ్యలేదు. 2013 అక్టోబరులో ఇజు ఓషిమా దీవిలో 24 గంటల్లో 824 మిల్లీమీటర్లు కురిస్తే, పాత లావా మీదున్న పల్చటి బూడిద పొర చెట్లతో సహా దిగిపోయింది. 39 మంది చనిపోవడమో గల్లంతవడమో జరిగింది. అగ్నిపర్వత ప్రాంతంలో పైనుంచి కింద దాకా ఒకే మట్టి ఉండదు. నీరు పీల్చేదొకటి, అడ్డుకునేదొకటి, పొర మీద పొర. రెంటికీ నడుమ జారుడు దారి తయారుగా ఉంటుంది.

ఇంజనీరు: బాగుంది. అదే బూడిద మట్టిని రోడ్డు కోసం నిలువునా కోస్తే ఏళ్ల తరబడి నిలబడుతుందని కూడా చెప్పండి మరి. కదపనంత కాలం దాని రాపిడి బలం తక్కువేం కాదు. 30 డిగ్రీల పైమాటే. మట్టి రేణువుల మధ్య పల్చటి నీటి పొరలు ఒకదాన్నొకటి లాగి పట్టుకుంటాయి. ఆ పట్టు వదిలేది నీరు నిండినప్పుడు, లేదా మనం కలగలిపినప్పుడు. అటామీ చూడండి. అదీ జపానే, అదీ అగ్నిపర్వతాల నేలే. 2021 జులై 3న కొండ పైనుంచి బురద దిగి 28 మంది చనిపోయారు. జారినదాంట్లో చాలాభాగం ఎక్కడినుంచో తెచ్చి లోయ తలన పోసిన మట్టి. నిబంధనలకు మించి పోశారని విచారణలో తేలింది. చుట్టుపక్కల అదే వాన తిన్న సహజమైన వాలు చాలావరకు నిలిచింది. ఎల్ సాల్వడార్‌లో 2001 జనవరి 13 భూకంపానికి లాస్ కొలినాస్ కాలనీ మీద కొండ పడి ఐదువందల మందికి పైగా పోయారు. ఆ శిఖరం మీద ఇళ్లు కట్టొద్దని అంతకుముందే స్థానికులు కోర్టుకెక్కారు.

మాస్టారు: ఇటలీలో సార్నో గుర్తుందా? 1998 మే 5. వెసూవియస్ బూడిద సున్నపురాయి కొండల మీద పరుచుకున్న చోట, కనీవినీ ఎరగనంత వాన కాకపోయినా వందకు పైగా చోట్ల తెగి, సుమారు 160 మంది చనిపోయారు. బూడిద లేని సున్నపురాయి కొండలు ఆ వానకు అలా తెగలేదు.

ఇంజనీరు: సార్నో మీరు ఎత్తినందుకు సంతోషం. ఆ తెగిన చోట్లు ఎక్కడ మొదలయ్యాయో తర్వాత పరిశోధకులు కొండెక్కి చూశారు. చాలావాటి తల, కొండ అడ్డంగా కోసి వేసిన బాటల దగ్గర తేలింది. బాట కోసిన చోట బూడిద దుప్పటి తెగింది, నీరు దారి మార్చుకుంది. మీ మట్టీ నిజమే, నా బాటా నిజమే. ఆ బాట లేకుండా ఆ రోజు ఎన్ని తెగేవన్నది అసలు ప్రశ్న.

సార్నో ఈ చర్చకు ఆయువుపట్టు. ఒకే సంఘటనను ఇద్దరూ తమ సాక్షిగా పిలుచుకున్నారు. ఇద్దరికీ ఆ హక్కుంది.

మాటల్లోనే కొండ దిగి కాలువ గట్టుకు వచ్చారు. అక్కడ ఇంజనీరు సొంత ఇలాకా.

మాస్టారు: ఏటా వేసవిలో కాలువలు కట్టేశాక గట్లు ఎందుకు జారతాయి? మీ అనుభవం చెప్పండి.

ఇంజనీరు: నీరు నిండుగా ఉన్నన్నాళ్లూ గట్టుకు ఆ నీటి బరువే ఆసరా. లాకులు దించి కాలువ గబగబా వట్టిపోతే ఆసరా పోతుంది. గట్టు లోపలి నీరు మాత్రం అంత తొందరగా బయటికి రాదు. బంకమన్ను కదా, బిగబట్టుకుని ఉంటుంది. పైన ఎండకు పగుళ్లు తీస్తుంది. మే నెలలో నల్లరేగడి పగులులోకి కొబ్బరి ఈనె దింపితే ఈనె పూర్తిగా పోతుంది, అడుగు తగలదు. తొలకరి నీరు నేరుగా ఆ పగుళ్లలోకే దిగుతుంది. అప్పుడు గట్టు అర్ధచంద్రాకారంలో కూర్చుంటుంది. ఒకసారి జారిన గట్టు అదే చోట మళ్లీ జారుతుంది. ఎందుకంటే జారిన పొర మీద మట్టి రేణువులన్నీ ఒకే దిక్కుకు పడుకుని నున్నగా అయిపోతాయి, మునుపటి పట్టు తిరిగి రాదు.

మాస్టారు: బసాల్టు బిడ్డ అంటే అదేనండి. స్మెక్టైట్ మట్టి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుంటుంది. మీరిప్పుడు చెప్పిందంతా మట్టి గుణమే.

ఇంజనీరు: కాదనను. కానీ అదే మట్టితో గట్టు నిలబెట్టిందీ మేమే. వాలు పల్చన చేస్తాం, ఉబ్బే మట్టి మీద ఉబ్బని మట్టి పొర పరుస్తాం, అడుగున నీరు పోయే దారి ఇస్తాం, కాలువ నీటిని ఒక్కరోజులో కాకుండా మెల్లగా దించుతాం. మట్టి మారలేదు, గట్టు ఆగింది. మట్టిని దోషిగా నిలబెడితే చేతులు కట్టుకు కూర్చోవడమే మిగులుతుంది. పనిని దోషిగా నిలబెడితే దిద్దుకోవచ్చు.

మాస్టారు: గట్టు మీరు కట్టింది కాబట్టి దిద్దగలిగారు. కొండ వాలును పల్చన చేస్తారా? మారిషస్ సంగతి చెబుతాను. మన గోదావరి మొగలోని కోరంగి రేవు నుంచి 1843లో కోరింగా ప్యాకెట్ అనే ఓడలో తెలుగువాళ్లు చెరకు తోటల పనికి వెళ్లారు. ఒండ్రు నేల మీద పుట్టినవాళ్లు అగ్నిపర్వత దీవికి చేరారు. ఆ దీవి రాజధాని పోర్ట్ లూయీలో లా బ్యూట్ అనే పేట సిగ్నల్ మౌంటెన్ పాదాన ఉంది. 1986, 87 ప్రాంతంలో ఆ వాలు కదిలి ఇళ్లు బీటలు తీశాయి, కుటుంబాలు ఖాళీ చేయాల్సి వచ్చింది. చిత్రకూట్ అనే పేటలోనూ నేల నెమ్మదిగా జరుగుతుంది. చివికిన బసాల్టు బంకమన్ను, రాళ్లు కలిసిన పోగు అది. వాన పడ్డప్పుడు కదులుతుంది, వాన వెలిస్తే ఆగుతుంది. గోడలో బీట, గుమ్మం ఓరకావడం, అలా బయటపడుతుంది.

ఇంజనీరు: జపాన్ సహకార సంస్థ జైకా 2012 నుంచి అక్కడ పనిచేసింది కదా. ఏం చేశారు? నీరు పోయే కాలువలు తవ్వారు, ఎక్కడ కట్టొచ్చో ఎక్కడ కట్టకూడదో చెప్పారు. నేనంటున్నదీ అదే.

మాస్టారు: ముందు బోర్లు వేసి మట్టి ఎంత లోతుందో, జారుడు పొర ఎక్కడుందో కొలిచారు. కాలువ ఎక్కడ తవ్వాలో ఆ తర్వాతే తెలిసింది. నేనంటున్నది కూడా అదేనండి. మన దగ్గర జియలాజికల్ సర్వే దేశంలోని జారుడు ప్రాంతాలన్నిటికీ 1:50,000 కొలతలో పటం గీసింది. పెద్ద పనే, విలువైనదే. కానీ ఆ పటంలో వంద మీటర్ల గూడెం రెండు మిల్లీమీటర్ల చుక్క. ఎర్రపొర ఏ ఇంటి వెనకుందో అందులో కనబడదు. ఊరు ఊరుకీ మట్టి లోతు కొలవాలి, ప్రమాదం ఉన్నవాళ్లను ముందే దించాలి.

ఇంజనీరు: దించి ఎక్కడ పెడతారు? మాలిన్ వాళ్లకు 2017లో కొత్త ఊరు కట్టి ఇచ్చారు. ఆ మొదటి వానలకే రోడ్లు కుంగాయి, మట్టి కోసుకుపోయింది. వాలు కోసి, పూడ్చి కట్టిన స్థలం మరి. అడవి మీద, పోడు మీద బతికేవాళ్లను పటం చూపించి దించితే వాళ్ల తిండి ఎక్కడ? ఆ భయంతోనే చాలామంది దిగరు. మీ పటం పూర్తయ్యేదాకా ఎన్ని వానాకాలాలు పోవాలి?

మాస్టారు ఈ మాటకు వెంటనే జవాబు చెప్పలేదు. మట్టి పక్షంలోని బలహీనత ఇదే: అది ఇచ్చే జవాబు నిజమైనా ఆలస్యంగా వస్తుంది. ఇంజనీరు పక్షానికీ ఒక లోటుంది. పని మీద అదుపు పెడితే అటామీ ఆగుతుంది, ఇర్షాల్‌వాడి ఆగదు. కొండ మీద తిండిగింజలకు మడి కట్టుకున్న గిరిజనుడూ, లోయ తలన లారీలతో మట్టి పోయించినవాడూ ఒకే గాటన పడటం ఈ వాదనలో ఇంకో ప్రమాదం. ఆ ఇద్దరి బాధ్యత ఒకటి కాదు.

ఇంజనీరు: ఈలోగా చెయ్యగలిగింది ఒకటుంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు ఒకటో ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మన లంకల్లో చదువురాని ముసలమ్మకైనా ఆ లెక్క తెలుసు. రెండోది అనగానే పశువుల్ని తోలుకుని ఏటిగట్టు ఎక్కుతారు. కొండ ఊళ్లకీ అలాంటి అంకె కావాలి. ఊరికో వానమాపకం పెట్టండి. ఇన్ని మిల్లీమీటర్లు దాటితే ఆ రాత్రికి కిందికి.

మాస్టారు: ఏ అంకె పెడతారు? నది తన మట్టం కొలబద్ద మీద చూపిస్తుంది. మట్టి చూపించదు. జూన్ మొదటి వారంలో 200 మిల్లీమీటర్లు పడితే ఎండిన నేల తాగేస్తుంది. జులై చివర అదే 200, పది రోజులుగా నీరు బిగబట్టుకున్న మట్టి మీద పడితే కథ వేరు. ఎంత పట్టుకుంటుంది, ఎన్నాళ్లు వదలదు అనేది మట్టిని బట్టి. కోల్‌కతాలో 2024 జులైలో కొండచరియల జాతీయ సూచన కేంద్రం పెట్టారు. వాళ్లు కూడా ఒక్క అంకెతో దేశమంతా నడపలేరు. తప్పు అంకె పెట్టి మూడుసార్లు ఊరికే దించితే నాలుగోసారి ఎవరూ దిగరండి.

ఇంజనీరు: అయితే మట్టి లోపలి మట్టమే కొలుద్దాం. మూడు మీటర్ల కన్నాల గొట్టం దింపండి. ఊళ్లో చదువుకున్న కుర్రాడు వానాకాలంలో రోజుకు రెండుసార్లు టేపు వేసి చూస్తాడు. నీరు పైకి వస్తుంటే ఊరికి చెబుతాడు. ఖర్చు ఎక్కువ కాదు, పటం కోసం ఆగనక్కర్లేదు.

మాస్టారు: మంచి మాటే. ఆ గొట్టం ఎక్కడ దింపుతారు?

ఇంజనీరు: ఇళ్లున్న చోట. అది చెప్పడానికి పటం ఎందుకు?

మాస్టారు: ఇర్షాల్‌వాడిలో మట్టి దిగింది ఇళ్ల కింద నుంచి కాదు, ఇళ్లకు పైనున్న వాలు నుంచి. గొట్టం ఉండాల్సింది అక్కడ. ఆ వాలు ఎక్కడ మొదలవుతుందో, ఏ పొర మీద కూర్చుందో చూడకుండా దింపితే, పొడిగా ఉన్న గొట్టాన్ని నమ్ముకుని ఊరంతా నిద్రపోతుంది.

ఇంజనీరు: అందుకని ఈ జులైకి ఒక్క గొట్టమూ వద్దంటారా?

మాస్టారు: వద్దనలేదు. కొండెక్కి చూసి దింపమంటున్నాను. జూన్ వానలు పట్టకముందే ఎక్కమంటున్నాను.